నీళ్ళకి చెప్పి వచ్చాను

ఏంటా తలుపు బాదడం? ఊడబీకుతావా ఏంటి? చచ్చినవాళ్ళు తలుపులు బాదరు. వాళ్ళకి ఆపాటి మర్యాద ఉంటుంది.

లోపలికి రాకు. అక్కడే, వరండా చివరే ఆగు. వాన జల్లు కొడుతోందా? కొట్టనీ. తడిస్తే జలుబు చేస్తుందన్న భయం బతికున్నవాళ్ళకి, నీకెందుకు?

అలా గుడ్లప్పగించి చూడకు. మొహానికి ఈ తెల్లమట్టి ఏంటా అనేగా? జుట్టు ఇలా ఎగుడుదిగుడుగా కత్తిరించుకుందేంటా అనేగా? నీకోసమే. తమ్ముడు పోతే అక్క ఏం చేస్తుందో అదే చేశాను. అమ్మ తన తమ్ముడికి చేసింది, నేను నీకు చేశాను. పద్ధతిలో ఎక్కడా లోటు రానివ్వలేదులే, బెంగపెట్టుకోకు.

తెల్లారగానే మడుగు దగ్గరికి వెళ్ళాను. ఒడ్డున నిలబడి నీ పేరు గట్టిగా పలికి, పోయాడని నీళ్ళకి చెప్పి వచ్చాను. అదే ఆఖరు. ఆ తర్వాత ఆ పేరు నా నోట రాలేదు, ఇక రాదు.

నవ్వుతున్నావా? నవ్వు. పొద్దున్న కొట్లో కోరలీ ముందు కూడా ఇలాగే నవ్వావట కదా. సొంత మేనకోడలు, మన చెల్లెలి కూతురు. నువ్వు సిగరెట్లు అడిగితే అది నీ వెనకున్న గోడకేసి చూసిందట. నువ్వు బల్ల మీద చేత్తో గుద్దావట. అయినా అది గోడనే చూసిందట. శభాష్ అన్నాను దాన్ని.

పాపం, దాని అవస్థ దానిది. దాని మొగుడిదీ నీ పేరేనాయె. పోయినవాళ్ళ పేరు పలకకూడదు గదా, అందుకని పొద్దున్నించీ వాణ్ణి 'ఏమోయ్, నిన్నే' అని పిలుచుకుంటోంది. వాడు పలకడం లేదట. పిలిచింది తననని తెలిసీ పలకడం లేదేమోనని దాని అనుమానం.

నీ ఇంటికి పొగ కూడా వేశాం. తాళంచెవి ఇటుక కింద పెట్టే అలవాటు నీకింకా పోలేదు. రేకు డబ్బాలో పచ్చి ఆకులు రాజేసి గది గదికీ తిప్పాం. మంచం కింద తిప్పాం, చెప్పుల మీద తిప్పాం, నువ్వు అద్దం ముందు నిలబడి దువ్వుకునే చోట తిప్పాం. కంపెనీవాళ్ళు ఇచ్చిన ఆ నారింజ రంగు కోటుకి మాత్రం మళ్ళీ వేయించాను. దానికి పట్టిన కంపు ఒక పట్టాన వదల్లేదు. నీ వస్తువు ఒక్కటీ ముట్టుకోలేదు, వెళ్ళి చూసుకో.

ఇక్కడ నా గదిలో, ఫుట్‌బాల్ కప్పు పట్టుకుని నువ్వు నిలబడ్డ ఫొటో గోడవైపు తిప్పేశాను. నువ్వు పుట్టినప్పుడు నీ మాయ పాతిపెట్టిన చెట్టుకి పేము బెత్తం చుట్టి వచ్చాను. దాని కాయ ఇక ఎవరూ ముట్టుకోరు, నేను చెప్పేదాకా.

నాకు పిచ్చెక్కిందంటావా? ఎక్కిందేమో. ఎక్కించింది ఎవరు మరి?

ఆ కుర్చీ జోలికి పోకు. ఆ బల్ల జోలికీ పోకు. ఈ గింజలా? నీక్కాదు. వాసన ముక్కుకి తగిలినట్టుంది. అల్లం ఆకులో చుట్టి బూడిదలో పెట్టాను, ఇంకాసేపట్లో అవుతాయి. నువ్వు ఎప్పుడొచ్చినా ముందు పెట్టేది ఇదే, ఒప్పుకుంటాను. పోయినవాళ్ళకి పెట్టం. నా ఎదురుగా నిలబడి గుటకలు మింగు, నేను చూస్తూ తింటాను.

ఈ గింజ పచ్చిగా తిన్నవాడు మర్నాడు లేవడు. కాల్చి, గీరి, పేము బుట్టలో పోసి ఏట్లో కడితే ఆ పారే నీళ్ళే విషం లాక్కుపోతాయి. మనం చేసేదేముంది ఇందులో? బుట్ట కట్టి ఇంటికి రావడమే. పనంతా ఏరు చేస్తుంది. 'మనకి వంట చేసిపెట్టే ముసలమ్మ ఆ నీళ్ళలో ఉందర్రా' అనేది అమ్మమ్మ. ఊరికే పిల్లల్ని ఆడించడానికి చెప్పిందనుకున్నావా? పాలు మానాక నీ నోట్లో పడ్డ మొదటి ముద్ద ఆవిడ చేసిందే. ఆ ముద్ద పెట్టినదాని గొంతులో గొట్టం దింపిస్తున్నావు నువ్వు.

గొంతే. పైన రాళ్ళ సందులోంచి నీళ్ళు దూకే చోటుని మన భాషలో ఏమంటాం? గొంతు అనేగా? దాని కిందది గుండె, మడుగు కడుపు, ఇటు వంపు తిరిగే చోటు మోకాలు. అక్కడ ఏ చోటుకీ వేరే పేరు లేదు, అన్నీ ఒంటి భాగాల పేర్లే. ఆ గొంతులోకి గొట్టం దించి, వచ్చిన నీళ్ళు సీసాల్లో పట్టి అమ్ముకుంటాం అన్నారు వాళ్ళు. రండి, కదలకుండా నేను పట్టుకుంటాను అన్నావు నువ్వు.

తెలుసు, ఉద్యోగాలు. పిల్లలకి ఉద్యోగాలు వస్తాయి. చెరకు తోటల్లో నడుం విరగ్గొట్టుకున్నవాడివి, నీ కడుపుమంట నాకు తెలీదా? నాన్న ఆ తోటల్లోనే గొడ్డులా పనిచేసి పోయాడు. మన పిల్లలకి ఆ బతుకు వద్దనుకున్నావు. అక్కడిదాకా నిన్ను నేను తప్పు పట్టను. వచ్చి 'అక్కా, నాకిలా అనిపిస్తోంది' అని ఉంటే తిట్టేదాన్ని, టీ పోసేదాన్ని, మళ్ళీ తిట్టేదాన్ని. అందరం ఈ వరండాలో కూర్చుని కొట్టుకునేవాళ్ళం. నీ నోరు పెద్దది, ఆఖరికి నీ మాటే నెగ్గేదేమో కూడా. అది మనుషుల గొడవ. మనుషుల గొడవలకి నేను ఎవర్నీ చంపను.

నువ్వు చేసింది అది కాదు.

ఏం చేశావో నన్నే చెప్పమంటావా? చెప్తా. వాళ్ళని మడుగు దగ్గరికి తీసుకెళ్ళావు. తీసుకెళ్ళడం తప్పు కాదు. మనం ఎంతమందిని తీసుకెళ్ళలేదు? బడి పిల్లలు, పక్షుల ఫొటోలు తీసుకునేవాళ్ళు, గర్భిణిగా ఉండి మరీ వచ్చిన ఆ డాక్టరమ్మ. కొత్తవాళ్ళు వస్తే మన చంకలోంచి చెమట తీసి వాళ్ళ మొహానికి పూస్తాం, మన వాసన అంటాలని. నీళ్ళకేసి తిరిగి కేకేస్తాం. 'ముసలమ్మా, వీళ్ళు దారినపోయేవాళ్ళు. చూసి పోతారు. ఏదీ తియ్యరు, ఏదీ తవ్వరు. పొద్దుగూకేలోపు పంపించేస్తాం.' అంతేగా మాట? అమ్మమ్మ మనిద్దరికీ పక్కపక్కన కూర్చోబెట్టి నేర్పింది. నువ్వు నవ్వావని చెవి మెలేసింది కూడా.

నువ్వు ఆ మాట చెప్పలేదు.

ఇంటివాళ్ళ మాట చెప్పావు. పుట్టిన బిడ్డని మొదటిసారి ఎత్తుకెళ్ళినప్పుడు చెప్పే మాట. కొత్త కోడల్ని తీసుకెళ్ళినప్పుడు చెప్పే మాట. 'వీడు మావాడు. వీడి చోటు ఇదే. వీడు తవ్వినా నరికినా నిప్పుపెట్టినా మేం చేసినట్టే.' ఆ డెరెక్‌ని, ఆ కంపెనీ టోపీవాణ్ణి, ముక్కుకి తెల్ల క్రీము పూసుకుని ఈగలు తోలుకుంటున్నవాణ్ణి ముందుకి నెట్టి 'నా తమ్ముడు' అన్నావు. వాడి వెనకున్నవాళ్ళందర్నీ చూపించి 'నా తమ్ముళ్ళు' అన్నావు. అమ్మ పోయిన ఇన్నేళ్ళకి ఆవిడని అంతమంది కొడుకులకి తల్లిని చేశావు.

నాకెవరు చెప్పారా? ఆ రోజు మీ టీ ఫ్లాస్కులు మోసింది ఎవరనుకున్నావు? కూలికి పెట్టుకుంది మీ కంపెనీవాళ్ళే, కోరలీని. నువ్వు పెద్దమనుషుల మధ్య ఉన్నావు, ఫ్లాస్కు మోసేదాని మొహం ఏం చూస్తావు? అది పక్కనే నిలబడి అంతా విన్నది. ఇంటికొచ్చి ఇక్కడే కూర్చుంది. 'పెద్దమ్మా, మామయ్య వాళ్ళని మనవాళ్ళని చెప్పాడు' అంది. నేను కసిరాను దాన్ని. వాడెంత వెధవైనా మరీ అంత వెధవ కాడే అన్నాను.

తర్వాత నిన్ను అడిగితే ఏమన్నావు? గుర్తుందా? నీ కారు అద్దం దించి, 'ఏదో అన్నానులే అక్కా, వాళ్ళకేం అర్థమవుతుంది' అన్నావు.

అదిగో, అక్కడ రగిలింది నాకు. అవును, వాళ్ళకి అర్థం కాదు. మన భాష ఒక్క ముక్క రాదు వాళ్ళకి. 'ముసలమ్మా, వీళ్ళు దొంగలు, వీళ్ళ కాళ్ళు విరగ్గొట్టు' అని నువ్వు కేకేసినా అబ్బా ఎంత బాగుందో అని చప్పట్లు కొట్టేవాళ్ళు. నీ మెడ మీద ఎవడూ కత్తి పెట్టలేదు. దారినపోయేవాళ్ళ మాట చెప్పి వచ్చేసి ఉంటే సరిపోయేది. కానీ దారినపోయేవాళ్ళు తవ్వకూడదు, ఇంటివాళ్ళే తవ్వాలి. నీకు పద్ధతి తెలుసు. తెలియనివాడు చేస్తే బుద్ధి తక్కువై చేశాడని ఊరుకుంటాం. నువ్వు తెలిసి చేశావు. వాళ్ళకి దెబ్బ తగలకూడదని, పని ఆగకూడదని, అమ్మమ్మ నేర్పిన మాట తీసి వాళ్ళకి తొడిగావు.

అందుకేగా వాళ్ళకి ఏమీ కాలేదు? గుడారాలు వేసుకుని అక్కడే పడుకున్నారు. జలగ పట్టలేదు. దురదగొండి ఆకు తగల్లేదు. పాకుడు రాళ్ళ మీద బూట్లేసుకుని పరిగెత్తారు, ఒక్కడూ జారలేదు. మనిషెత్తు కాసోవరీ పక్షి మనల్ని చూస్తేనే గోళ్ళు చాచి మీదికొస్తుంది, అది పిల్లల్ని వెంటేసుకుని వాళ్ళ గుడారం పక్కనించి పెరట్లో కోడిలా పోయింది. కోరలీ చెప్పడం కాదు, నేనే చెట్ల వెనక నిలబడి చూశాను. నీ వాసన పూసుకుని తిరుగుతున్నారు వాళ్ళు, అడవి దారి ఇస్తోంది.

దానికేం తెలుసు? మనం చెప్పింది నమ్ముతుంది. అమ్మమ్మ చిన్నప్పుడు మన పిల్లల్ని లాక్కెళ్ళి తెల్లవాళ్ళ హాస్టళ్ళలో పెట్టడానికి గుర్రాల మీద పోలీసులు వస్తే, వాళ్ళమ్మ అమ్మమ్మని ఆ మడుగు ఒడ్డునే వదిలి, 'దాచు' అని ఒక్క మాట చెప్పి పారిపోయింది. దాచింది కదా? పోలీసులు పక్కనించి పోయారు, గుర్రాలు నీళ్ళు కూడా తాగాయి, పిల్ల కనిపించలేదు. ఆ పిల్ల దక్కబట్టే అమ్మ, అమ్మ ఉండబట్టే నువ్వు. అలా ఒక్క మాటకి కట్టుబడ్డదాన్ని నువ్వు ఒక్క మాటతో ముంచావు.

ఆ చెట్టు వెనక నాకు ఏడుపొచ్చింది. నీ మీద కోపంతో కాదు. మోసపోయానని కూడా తెలియని ముసలిదాన్ని చూస్తే వచ్చే ఏడుపు అది. కోపం ఇంటికొచ్చాక వచ్చింది. వచ్చింది ఇంక పోలేదు.

ఏం చెయ్యాలా అని చాలా ఆలోచించాను. గవర్నమెంటు వాళ్ళ దగ్గరికి పోతే, మీ పెద్దాయన ఒప్పుకున్నాడు గదమ్మా అంటారు. ఆ పెద్దాయనవి నువ్వే. పోనీ నేనే నీళ్ళ దగ్గరికి వెళ్ళి, వీళ్ళు మనవాళ్ళు కాదని చెబుదామా అనుకున్నాను. కుదరదు. ఒకళ్ళు తెచ్చినవాణ్ణి ఇంకొకళ్ళు వెళ్ళగొట్టకూడదు, అదీ పద్ధతే. తెచ్చినవాడే వచ్చి చెప్పాలి. లేదంటే తెచ్చినవాడు పోవాలి.

తెచ్చినవాడు పోతే వాడి చెమటా పోతుంది. వాడు తెచ్చినవాళ్ళంతా మళ్ళీ కొత్తవాళ్ళే. చిన్న మామ పోయినప్పుడు అత్త ఏం చేసింది? మనింట్లోనే ముసలిదైన మనిషి, వణుకుతూ అమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళి మళ్ళీ చెమట పూయించుకుంది, నిన్నగాక మొన్న వచ్చిన కోడలిలాగా. నువ్వే కదా గొడుగు పట్టావు.

అర్థమైందా ఇప్పుడు? నిన్ను సరదాకి చంపలేదు.

సరే, కొంచెం సరదా కూడా ఉంది, దాస్తే ఏం లాభం? నీ పక్క మీద పొగ తిప్పుతుంటే నా ఒళ్ళు తేలికపడింది. నీ ఫొటో తిప్పుతుంటే ఇంకొంచెం తేలికపడింది. ఊళ్ళో ప్రతి గుమ్మం ఎక్కి నా తమ్ముడు పోయాడని చెప్పాను. ఎవరూ ఎలా పోయాడని అడగలేదు. మట్టి తెచ్చుకుని పూసుకున్నారు, అంతే. నీ ఈడువాళ్ళు కూడా పూసుకున్నారు, నీతో బంతాట ఆడినవాళ్ళు. నీకు ఊళ్ళో ఎంత మంచి పేరుందో అప్పుడు తెలిసింది నాకు.

రేపు మంత్రి వస్తాడట కదా. షామియానా వేశారట, కత్తిరించడానికి రిబ్బను కట్టారట. నువ్వు ఒంటికి ఎర్రమట్టి పూసుకుని ముందు నిలబడాలి. మంత్రికి కూడా ఇంటివాళ్ళ మాట చెప్పి చెమట పూయాలి, పిల్లలు చిందులాడాలి, ఆ తర్వాత గొట్టం దింపుతారు. పిల్లలు రారు. చావింట్లో ఆటలేంటి? మైకులో నీ పేరు పిలుస్తారు, పిలుచుకోనీ. మనవాళ్ళెవరూ ఆ పేరుకి తల తిప్పరు. నువ్వు గొంతు చించుకుని నీళ్ళకి కేకెయ్యి. చనిపోయినవాడు తెచ్చిన చుట్టాన్ని ఆవిడ లోపలికి రానిస్తుందేమో చూద్దాం.

పొద్దున్న నేను ఇల్లు చేరాక మొదలైంది ఈ వాన. మీ తవ్వే లారీ ఏటి గట్టు మీద ఇరుసుదాకా కూరుకుపోయిందట కదా? ఆ డెరెక్‌కి దురదగొండి తగిలి చెయ్యంతా పొంగిపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళారట కదా? నేనేం అనడం లేదు. వానాకాలంలో వాన పడుతుంది. దురదగొండి ఎవరికైనా తగులుతుంది.

ఓహో, అందుకా వచ్చావు? కొట్లో కోరలీ నీకేసి చూడలేదని మనసు కష్టపెట్టుకుని వచ్చావనుకున్నాను. వాళ్ళు పంపించారా? వెళ్ళి మీ అక్కని మంచి చేసుకుని రా అన్నారా?

ఏంటీ, వెనక్కి తీసుకోవాలా? వెళ్ళి, పోలేదు, బతికే ఉన్నాడని చెప్పి రావాలా?

చెప్తా. నిజంగానే చెప్తా. నాతో రా. ఇప్పుడే, ఈ వానలోనే. నువ్వు ముందు చెప్పు, మన భాషలో, గట్టిగా. 'ముసలమ్మా, నేను అబద్ధమాడాను, వాళ్ళు నా తమ్ముళ్ళు కారు' అను. నువ్వు అన్న మరుక్షణం నాది నేను చెప్తా. అక్కాతమ్ముళ్ళం ఇద్దరం అక్కడే చెంపలేసుకుందాం. ఆవిడ కొడితే ఇద్దర్నీ కలిపి కొడుతుంది. కొట్టకపోతే ఇంటికొచ్చి ఈ ఆకు విప్పి ఇద్దరం తిందాం. రేపు నువ్వు ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. ఎవడైనా వస్తే నేను మాట్లాడతాను.

రా మరి. చెప్పులు కూడా వేసుకోను, ఇలాగే వస్తాను.

ఏం, గడియారం చూసుకుంటున్నావు?

మంత్రి బయల్దేరిపోయాడా. పాపం, అంత దూరం నించి. ఆయన్ని వెనక్కి పంపడం ఎంత మర్యాద తక్కువ.

ఆ, ఇప్పుడు నా మీదికి తిప్పు. 'నువ్వు మాత్రం అబద్ధమాడలేదా' అంటావు. ఆడాను. బతికున్న మనిషిని పోయాడన్నాను, అది కూడా నీళ్ళ ఎదురుగా నిలబడి. నీ సంగతేమో గానీ, నాకా భయం ఉంది. చిన్న మామ కుంటేవాడు ఎందుకని? నేను మలుగుపాము చేపని పట్టలేదు అని ఒడ్డున నిలబడి బొంకాడు, సంచీలో అది కొట్టుకుంటూనే ఉంది. ఇల్లు చేరేలోపు కొమ్మ విరిగి కాలి మీద పడింది. ఒక్క చేప గురించి ఆడిన అబద్ధానికి చచ్చేదాకా కర్ర పట్టుకుని నడిచాడు.

అందుకే అన్నిటికీ సిద్ధపడి వెళ్ళాను. ఉతికిన బట్టలు కట్టుకున్నాను. పొయ్యి ఆర్పాను. మధ్యాహ్నానికి రాకపోతే వచ్చి చూడమని కోరలీకి చెప్పాను. అది ఏడ్చింది, వద్దంది. నేను వినలేదు. నువ్వు పోయావని కేకేసి కళ్ళు మూసుకున్నాను, కొమ్మ ఎటునించి పడుతుందో చూడ్డం ఇష్టం లేక.

పడలేదు.

కళ్ళు తెరిచాను. నీళ్ళు ఎప్పటిలాగే పోతున్నాయి. పాకుడు రాళ్ళ మీంచే నడిచి వచ్చాను, ఈ మోకాళ్ళతో, కాలు జారలేదు. జలగ పట్టలేదు. ఊళ్ళో చెప్పడం, నీ ఇంటికి పొగ వెయ్యడం అయ్యాక పొయ్యి రాజేసుకుని ఈ గింజలు ముందేసుకుని కూర్చున్నాను. అప్పట్నించీ చెవులు రిక్కించుకునే ఉన్నాను, కప్పు కూలుతుందా, గుండె ఆగుతుందా అని. తలుపు మీద నీ బాదుడు విని, సరే, వచ్చేసింది అనుకున్నాను. చూస్తే నువ్వు.

అదేగా నేననేది అంటావా? ఏమీ కాలేదు, అంతా ముసలివాళ్ళ భ్రమ, నీకూ ఏమీ కాలేదు, అంటావు. అవును. కాలేదు. ఆ మాటే నన్ను ఇన్నాళ్ళూ నిద్ర పోనివ్వలేదు. వీడు నీళ్ళ ఎదురుగా అంత మాట అని, ఇంటికొచ్చి బీరు తాగి పడుకున్నాడే, వీడి గోరు కూడా ఊడలేదే అని. ఆవిడకి వయసైపోయిందా, చేతిలో బలం తగ్గిందా అని. చిన్న మామ చేప కోసం కాలు పోగొట్టుకున్నాడు, నువ్వు ఏటినే ఇచ్చేసి కారులో తిరుగుతున్నావు. ఇదెక్కడి న్యాయం అని ఆవిడ మీద కూడా కోపం వచ్చింది నాకు.

ఇందాక ఈ గింజలు ఆకులో చుడుతుంటే తట్టింది.

చిన్న మామని ఎందుకు కొట్టింది? తనవాడు గనక. అమ్మ మనల్ని కొట్టేది గానీ పక్కింటి పిల్లల మీద ఎప్పుడైనా చెయ్యెత్తిందా? నువ్వు నీ చెమటంతా ఆ టోపీవాళ్ళకి పంచావు. నా తమ్ముళ్ళు, నా తమ్ముళ్ళు అని నీ చోటంతా వాళ్ళకి రాసిచ్చావు. నీకేం ఉంచుకున్నావు? వాళ్ళు లోపలికి వచ్చారు, నువ్వు బయటికి పోయావు. నిన్ను కొట్టకపోవడం కాదు, ఆవిడకి ఎదురుగా నువ్వు కనిపించలేదు.

నన్నూ కొట్టలేదు. అంటే నేను అన్నది అబద్ధం కాదు. అబద్ధమైతే ఈపాటికి కోరలీ నన్ను మోసుకొస్తూ ఉండేది. నిన్ను చంపి వచ్చాననుకున్నాను పొద్దున్న, ఎంత గొప్ప పని చేశానో అనుకుంటూ వచ్చాను. నేను చంపిందేం లేదు. ఎప్పుడో జరిగిపోయినదాన్ని ఆలస్యంగా వెళ్ళి చెప్పాను. ఆవిడకి అది కొత్త వార్తేం కాదు.

ఏం, ఇప్పుడు నవ్వడం లేదే?

అలా చూడకు నన్ను. అక్కా అనకు. ఒకప్పుడు నాకో తమ్ముడుండేవాడు. బాగా చెట్లెక్కేవాడు. తేనెపట్టు తీస్తే మొదటి ముక్క నాకే తెచ్చి పెట్టేవాడు. ఎవరైనా అడిగితే అంతవరకు చెప్తాను.

వెళ్తున్నావా? వెళ్ళు. ఏటి దారిన పోకు, తారు రోడ్డు మీంచి పో. ఇంకో మాట విని పో. ఎప్పుడో ఒకప్పుడు నీ ఊపిరి కూడా ఆగుతుంది, అప్పుడు నాకు కబురు పంపనక్కర్లేదు. కంపెనీవాళ్ళకి పంపించుకో, నీ తమ్ముళ్ళు బోలెడు మంది. నా ఏడుపు పొద్దున్న ఆ ఒడ్డునే అయిపోయింది. ఊరికే పద్ధతి కోసం మొదలుపెట్టాను. మొదలుపెట్టాక ఆగలేదు. మొత్తం అయిపోయింది, నీకోసం ఇక నా దగ్గరేం లేదు.

ఆ కింది మెట్టు పుచ్చిపోయింది, గోడవైపు కాలేసి దిగు.

ఛ. అలవాటు. నోరు జారింది. ఎలా దిగితే నాకేం, దిగు.